దోర్నాలకు కర్రిగాడు

కర్రిగాడి నోట్లోంచి నురగ కారుతోంది. కళ్ళు తేలేశాడు. మేం ప్రయాణిస్తున్న మోటారు బండి మెట్ల కింద ఊరి మగవాళ్ళు కర్రలు పట్టుకుని గుమిగూడారు. వాళ్ళకూ మా కుక్కకూ మధ్య నేను చేతులు చాచి నిలబడ్డాను.

"పక్కకు జరుగమ్మా. అది పిచ్చికుక్క. కరిచిందంటే కూనూరు ఆస్పత్రి దాకా పోయి సూదులు పొడిపించుకోవాల."

"పిచ్చి కాదు పెదనాయనా, వడదెబ్బ!"

"ఆ నురగ చూసినావా? ఆ తూలుడు చూసినావా? నాకు చెప్పొచ్చినావు. జరుగు!"

పెద్దాయన కర్ర పైకి లేచింది. నేను కదల్లేదు.

రాహేలక్కా నేనూ బావికి పోయి నీళ్ళు తెచ్చేంత సేపు, అంతే. పోయేటప్పుడు మోటారు కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. వట్టివేళ్ళ తడకలు తడితడిగా వేలాడుతున్నాయి. వచ్చేసరికి తడకలు పైకి చుట్టి ఉన్నాయి. చెక్క రెక్కలకు బయటి నుంచి గడియలు పడి ఉన్నాయి. వెనక బొగ్గుపొయ్యి సెగ, పైన తర్లుపాడు ఎండ. తలుపు లాగితే లోపలి వేడి మొహాన కొట్టింది. కర్రిగాడు తూలుకుంటూ వచ్చి గడప మీద పడ్డాడు. దారిన పోయేవాడెవడో చూసి "పిచ్చికుక్క!" అని అరిచాడు. ఇంకేముంది, ఊరు కదిలింది.

"పిచ్చికుక్క నీళ్ళు ముట్టదు కదా?" అన్నాను.

"ముట్టదు."

"మావాడు తాగుతాడు. చూసి పోండి."

"తాగకుంటే?"

"తాగకుంటే మీ కర్రలు, మీ ఇష్టం."

గుంపును తోసుకుంటూ రాహేలక్క కుండతో వచ్చింది. నేను నీళ్ళు నేరుగా నోట్లో పోయబోతే చెయ్యి పట్టుకుంది. "ఆగు రోశమ్మా. మింగే తెలివి లేదు దానికి. ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు ఒళ్ళు చల్లార్చు."

వేపచెట్టు నీడకు ఈడ్చుకుపోయాం. పాదాల కింద, పొట్ట మీద, తొడల సందున నీళ్ళు పోశాం. చెవులు తడిగుడ్డతో తుడిచాం. ఆమె భర్త, మోటారు యజమాని ఏబేలు పరుగున వచ్చి తన పైపంచెతో విసరడం మొదలుపెట్టాడు. మా ఆయన బొగ్గుమూట భుజాన వేసుకుని అప్పుడే వచ్చి, "ఏమైందే? ఏమైందే?" అంటూ మూట కింద పడేసి కూర్చుండిపోయాడు.

కర్రిగాడి డొక్కలు కొట్టుకుంటున్నాయి. నాలుక ముదురు ఎరుపు. పెద్దాయన కర్ర దించలేదు, ఎత్తలేదు.

ఎంతసేపటికో కర్రిగాడి ముక్కు కదిలింది. తల నా మోకాలి వైపు తిప్పాడు. దోసిలి పట్టాను. ఒకసారి నాకాడు. మళ్ళీ నాకాడు. తర్వాత మూకుట్లో మూతి పెట్టి చప్పుడు చేసుకుంటూ తాగాడు.

"వీడి దుంప తెగ! మా బర్రె కూడా ఇంత తాగదు," అన్నాడు పెద్దాయన. గుంపు నవ్వింది. కర్రలు కిందికి దిగాయి.

నేను మాత్రం నవ్వలేదు. ఆ కిటికీల గడియలే చూస్తున్నాను. కుక్క గడియ వేసుకోలేదు. గాలి కూడా వెయ్యలేదు.

అవి యుద్ధం రోజులు. మా తాలూకాలు కర్నూలు జిల్లాలో, కర్నూలు మద్రాసు చేతిలో ఉన్న కాలం. మిలిటరీకి మాంసం సరఫరా చేసే కంట్రాక్టర్లు కనబడిన గొర్రెనల్లా కొంటున్నారు. కొనడానికి దొరక్కపోతే దొంగమందలైనా పరవాలేదనే రకాలూ తయారయ్యారు. ఉగాదికి ముందు, బేస్తవారిపేట దగ్గర చేలో కట్టిన మా మందను రాత్రి చీకట్లో ఎవరో తోలుకుపోయారు. అడ్డం పోయిన మా నాయన పిచ్చయ్యను గట్టు మీది నుంచి తోసేశారు. కాలు విరిగింది. ఆ పూట కర్రిగాడు పాదంలో ముల్లు దిగి ఇంట్లో ఉన్నాడు. మందకు కాపు లేదు.

మాకు ఆ మంద తప్ప ఇంకేమీ లేదు. నాయనకు కొడుకులు లేరు. నేనొక్కదాన్నే. మా ఆయనను ఇల్లరికం తెచ్చుకున్నారు.

వారాల తరబడి వెతికాం. మా ఆయన తిరగని సంత లేదు. చివరికి శ్రీశైలం పోయి వచ్చిన యాత్రికులు చెప్పారు, దోర్నాలలో అంకయ్య అనే వ్యాపారి దొడ్డిలో మీ మంద లాంటిదే ఉందని. అడిగితే అంకయ్య ఆత్మకూరు సంతలో కొన్నానన్నాడు. గొర్రెల చెవులకు మా కోత మీద కొత్త కోత పడింది. మావని చెప్పడానికి గుర్తు లేదు.

కానీ గొర్రెలు కాసే మా ఇళ్ళలో ఇలాంటి తగువుకు ఒక పద్ధతి ఉంది. కళ్ళు తెరవని కుక్కపిల్లను తెచ్చి గొర్రె పాలతో పెంచుతాం. అది మందలోనే తిని మందలోనే పడుకుంటుంది. పరాయి కుక్క దగ్గరికొస్తే గొర్రెలు చెల్లాచెదరవుతాయి. తమ కుక్క వచ్చి నడుమ పడుకుంటే ఒక్క గొర్రె తల ఎత్తదు. చెవి కోత మార్చగలిగినవాడు కూడా దీన్ని మార్చలేడు.

దోర్నాల పెద్ద ఆదెయ్య కబురు పంపాడు. "వైశాఖ పున్నమి సాయంత్రానికి కుక్కను తెండి. తాడు లేకుండా తన కాళ్ళ మీద మందలోకి పోవాల. అందాక మంద కదలదు. పున్నమి దాటితే నేనాపలేను." పున్నమి మర్నాడు పొద్దున కంట్రాక్టరు లారీలు వస్తాయట.

కర్రిగాడికి ఒళ్ళంతా నల్లటి దట్టమైన బొచ్చు. ముల్లు దిగిన పాదం ఇంకా మానలేదు. వైశాఖపు ఎండలో దోర్నాల దాకా నడిపిస్తే దారిలోనే పోతాడు. అప్పుడు గుర్తొచ్చింది ఏబేలు మోటారు.

ఊళ్ళు తిరిగి వైద్యం చేసిన ఒక దొరసాని స్వదేశం పోతూ తన డ్రైవరు ఏబేలుకు వదిలిపోయిన బండి అది. లారీ మీద కట్టిన చెక్క ఇల్లు. పక్కకొక పడుకునే బల్ల, వంట గూడు, కిటికీలు, మెట్లు. ఏబేలూ భార్య రాహేలూ అందులోనే కాపురం. మార్కాపురం పలకలు బల్లల కింద పెట్టెల్లో నింపుకుని బళ్ళు తెరిచేలోగా ఊరూరా అమ్మేవాళ్ళు. పెట్రోలు దొరక్క, కాలే బొగ్గు నుంచి వచ్చే గ్యాసుతో ఇంజను నడిచేలా వెనక ఒక పొయ్యి బిగించారు. దాని ఫ్యాను తిప్పడానికి ఒక మనిషి కావాలి. మా ఆయన ఆ పనికి ఒప్పుకున్నాడు.

"మా మామ నన్ను అల్లుడని తెచ్చుకున్నాడు ఏబేలూ," అనేవాడు ఫ్యాను తిప్పుతూ. "చూస్తే అల్లుడు కర్రిగాడు. నేను వాడి జీతగాణ్ణి. వాడికి వట్టివేళ్ళు, నాకు బొగ్గుమసి."

అందరం పడీ పడీ నవ్వేవాళ్ళం. నేను అందరికన్నా ఎక్కువ నవ్వేదాన్ని.

తర్లుపాడు నుంచి బండి కదిలాక మా ఆయన నన్ను పక్కకు పిలిచాడు. మొహం నిండా మసి, కళ్ళలో నీళ్ళు.

"ఆ కిటికీలు ఏబేలే మూసినాడే. దుమ్ము పడుతుందని అనుకుంటా, లేకుంటే అంకయ్య మనిషి ఏదన్నా ఆశ చూపించినాడేమో. ఎవరి మనసులో ఏముందో మనకేం తెలుసు? మనవాళ్ళు కాదు కదా."

"నేను తెరిచిపెట్టే రేడియేటరుకు నీళ్ళు తేను పోయినా," అన్నాడు ఏబేలు, నేను అడగకముందే. "దేవుని తోడు రోశమ్మా, నేను మూయలేదు."

రాహేలక్క నాతోనే బావి దగ్గర ఉంది. మూసింది ఏబేలు కావాలి, లేదా దారిన పోయే ఎవడో కావాలి. మూడో పేరు నా బుర్రకు తట్టలేదు.

మార్కాపురంలో పలకల దొడ్డి దగ్గర ఆగాం. పున్నమికి ఇంకా వ్యవధి ఉంది. ఆ రోజుల్లో కర్రిగాడికి జరిగిన మర్యాద ఏ జమీందారుకూ జరిగి ఉండదు. మోటారు పైకప్పు మీద జొన్నచొప్ప పరిచి తడిపాం. చట్రం వెయ్యని పెద్ద పలకలు నేల మీద పరిచి నీళ్ళు చల్లితే, నల్లరాయి చల్లదనం కడుపుకు తగులుతుందని వాడు నాలుగు కాళ్ళూ చాపి బల్లిలా అతుక్కుపోయేవాడు. తెల్లవారుజామున, పొద్దు వాలాక తప్ప బయట అడుగు పెట్టనివ్వలేదు. నేల మీద నా అరచెయ్యి ఆనించి, కాలకపోతేనే వాణ్ణి దింపేదాన్ని. రాత్రి మిగిలిన రాగి సంకటిని మజ్జిగలో పిసికి పెట్టేవాళ్ళం. వాడి ఒంటి మీద నిగనిగ తిరిగి వచ్చింది.

దోర్నాలకు బయల్దేరిన రోజు ఉదయం ఎక్కడా ఆగకూడదని నీళ్ళ పీపా నిండా నింపాం. ఊరు దాటి, చెట్టూ చేమా లేని బయల్లోకి వచ్చాక గ్యాసు ఆరిపోయింది. బండి నిలిచిపోయింది. మూటలో పైన పొడిబొగ్గు, అడుగున తడిబొగ్గు. ఏబేలు తల పట్టుకున్నాడు. నేను పీపా దగ్గరికి పరుగెత్తాను. పీపా మోగింది. కొళాయి తిప్పి వదిలేసి ఉంది. దారి పొడుగునా మా నీళ్ళు మన్ను తాగేసింది.

"చూసినావా?" అన్నాడు మా ఆయన నా చెవిలో. "నిన్న సందులో వీడు అంకయ్య మనిషితో మాట్లాడుతుంటే నా కళ్ళతో చూసినా."

"నేనా?" ఏబేలుకు వినబడింది. "వాడు పలకలు బేరం చేసినాడయ్యా! నువ్వు కూడా పక్కనే ఉండి బీడీ ముట్టించుకోలా?"

"ఎవర్రా బీడీ ముట్టించింది?"

ఇద్దరూ చొక్కాలు పట్టుకున్నారు. రాహేలక్క మధ్యలో దూరి చెరొక తోపు తోసింది. "కొట్టుకుంటే బండి కదులుతుందా? కుక్క చల్లబడుతుందా? ఆ చొప్ప దించండి!"

పైకప్పు మీది చొప్పలో ఇంకా తేమ ఉంది. దాన్ని మోటారు కింది నీడలో పరిచి కర్రిగాణ్ణి పడుకోబెట్టాం. ముంతల్లో తాగడానికి పెట్టుకున్న నీళ్ళు మేం తాగలేదు. కొంగులు తడిపి వాడి మీద కప్పాం. ఏబేలు నేల మీద బొగ్గు ఎండబోసి, ఎండిందెండినట్టు పొయ్యిలో వేశాడు. పొద్దు వాలుతుండగా బండి దగ్గి, తుమ్మి, కదిలింది.

దోర్నాలకు ఇవతల, అడవి మొదలయ్యే చోట వాగు పక్కన బస చేశాం. మర్నాడే పున్నమి. రాహేలక్కా నేనూ గిన్నెలు తోముకోవడానికి వాగులోకి దిగాం. ఇసుకతో గిన్నె రుద్దుతూ ఆమె మాట తిన్నగా విసిరింది.

"నీ మొగుడు నా మొగుణ్ణి దొంగ అంటున్నాడు. నాకు తెలుసు."

నేను తల వంచుకున్నాను.

"నా మొగుడు కాకుంటే మిగిలింది ఎవరో అది కూడా నాకు తెలుసు. నీకూ తెలుసు. నోరు రాదు నీకు."

"అక్కా!"

"ఏడవద్దు. దొంగెవరో తేలిపోనియ్యి. నా మొగుడైతే నేనే పట్టి అప్పజెప్తా." తల ఎత్తి దోర్నాల వైపు చూసింది. "ఇక్కణ్ణించి కాలినడకన రెండు దారులు. ఒకటి వాగు వెంట. ఒకటి బండ్ల బాట. బండి లోపల వేడి ఎక్కువైంది, పొద్దున్నే కుక్కను నడిపించుకుపోతామని చెప్దాం. నువ్వు నీ ఆయనకు వాగు దారి అని చెప్పు. నేను నా ఆయనకు బండ్ల బాట అని చెప్తా. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుందాం. ఏ దారిలో మనుషులు కాచుకుని ఉంటారో, ఆ దారి మొగుడే దొంగ."

"మరి కర్రిగాడు?"

రాహేలక్క నవ్వింది. "వాడు మోటారులోనే దర్జాగా వస్తాడు. వాళ్ళిద్దరి ముడ్ల కింద."

ఆ సాయంత్రం నేను మా ఆయనకు వాగు దారి చెప్పాను. ఆయన ఒట్టు పెట్టాడు. నా తల నిమిరాడు కూడా. "నువ్వు ఉండబట్టే ఈ ఇల్లు నిలబడింది రోశీ," అన్నాడు. కాసేపయ్యాక బీడీలకని ఊళ్ళోకి పోయి వచ్చాడు.

తెల్లారకముందే మగవాళ్ళు బయట పొయ్యి రాజేస్తుండగా మేం లోపల పని కానిచ్చాం. ముందు వైపు బల్ల కింది పెట్టెలో పలకలు తీసేసి, అడుగున తడిపిన చట్రం లేని పలకలు, వాటి మీద కర్రిగాడు, పెట్టె పక్కల సందులకు అడ్డంగా తడి వట్టివేళ్ళ తడక. గాలి ఆడుతుంది, తడి ఉంటుంది, మనిషికి కనబడదు. మందలో చప్పుడు చెయ్యకుండా పడుకోవడం వాడికి పుట్టినప్పటి నుంచీ అలవాటు. మూతి ముందరి కాళ్ళ మీద పెట్టుకుని నా వైపు చూశాడు. మూత దించాం. నేనొక ఉత్త తాడు, చివర కుక్క ఉన్నట్టే పట్టుకుని, చీకట్లో దిగాను.

రాహేలక్క పోతూ పోతూ మా ఆయనను కేకేసింది. "అల్లుడయ్యా! ఆ తడకలు ఆరితే ఎండకు పలకల చట్రాలు పగులుతాయి. దారి పొడుగునా నీళ్ళు చల్లతా ఉండు. నీ చేతిలో పెట్టిపోతున్నా!"

"నిశ్చింతగా పో అక్కా," అన్నాడు మా ఆయన. మనిషి ఎంతో హుషారుగా ఉన్నాడు.

వాగు దారిలో నడుస్తున్నాను. పొదలు, ఇసుక, మోదుగ చెట్లు. ఎవరూ ఉండకూడదని మొక్కుకోని దేవుడు లేడు. రాహేలక్క దేవుడికి కూడా మొక్కాను. వాగు మలుపు తిరిగేదాకా ఎవరూ లేరు. మలుపు తిరిగాక ఇద్దరు లేచి నిలబడ్డారు. ఒకడి చేతిలో ఆకుపొట్లం ఉంది. మాంసం వాసన వస్తోంది.

"ఒక్కదానివే వచ్చినావేంది? కుక్కేదమ్మా?" అన్నాడు రెండోవాడు. "వాగు దారిన తెస్తావని చెప్పినారే."

అంతే. అంతకన్నా ఏమీ జరగలేదు. వాగులో నీళ్ళు పారుతున్నాయి. ఎక్కడో పిట్ట కూసింది.

"చచ్చిపోయింది," అన్నాను. కన్నీళ్ళు వాటంతటవే వచ్చాయి, వాళ్ళు నమ్మడానికి అంతకన్నా ఏం కావాలి. "రాత్రే పోయింది. పూడ్చినాం."

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆకుపొట్లం పొదలోకి విసరబోతే, "యాడబడితే ఆడ పడెయ్యొద్దు, నక్కలన్నా బతకనియ్యి," అన్నాను. ఏమనుకున్నాడో, ఇసుకలో గుంట తీసి కప్పేసి దోర్నాల వైపు పరుగు పట్టాడు. శుభవార్త మోసుకుపోతున్నవాడి పరుగు అది.

దారులు కలిసే చోట రాహేలక్క తాటిముంజలు కొనుక్కుని కూర్చుని ఉంది. బండ్ల బాటలో ఆమెకు ఎదురైంది ముంజలమ్మే ముసలాయన ఒక్కడే. నా మొహం చూసింది. ఒక ముంజ ఒలిచి నా చేతిలో పెట్టింది.

తిన్నాను. తియ్యగానే ఉంది.

మేం దోర్నాల చేరేసరికి అంకయ్య దొడ్డి ముందు జనం. మోటారు చింతచెట్టు నీడలో ఆగి ఉంది. కిటికీల తడకల నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. మా ఆయన ఎదురొచ్చాడు. చొక్కా అంతా తడి.

"కర్రిగాడు పోయినాడంట కదే!" అంటూ నా భుజాలు పట్టుకుని భోరుమన్నాడు. "మన బతుకు బుగ్గయిపోయె కదే!"

నేనింకా నోరు తెరవనే లేదు.

ఏబేలు మాత్రం నోరు వెళ్ళబెట్టాడు. "ఎప్పుడు పోయిందయ్యా కుక్క? నీకెవరు చెప్పినారు?" రాహేలక్క అతని కాలు తొక్కింది. నోరు మూసుకున్నాడు.

పొద్దు వాలే వేళకు ఆదెయ్య వచ్చి మంచం మీద కూర్చున్నాడు. ముసలాయన, కానీ చూపు డేగ చూపు. దొడ్డిలో గొర్రెలు మేత నుంచి తిరిగొచ్చి నిలబడి ఉన్నాయి. వాటిని చూడగానే నాకు ఒక్కొక్క దాని పేరూ నాలుక మీదికి వచ్చింది.

అంకయ్య మీసం దువ్వుకుంటూ లేచాడు. "పెద్దయ్యా, కుక్క లేదు. చచ్చిందని ఆ పిల్లే చెప్పింది. ఇంక తగువేముంది? పొద్దున్నే లారీలొస్తాయి. సెలవిప్పించండి."

"ఏమ్మా?" అన్నాడు ఆదెయ్య. "పున్నమి పొద్దు కుంకుతా ఉంది. కుక్కను తెచ్చినావా, లేదా?"

"తెచ్చినాం పెద్దయ్యా. మా ఇంటాయన దారి పొడుగునా నీళ్ళు చల్లి, ఎండ తగలకుండా తీసుకొచ్చినాడు."

మా ఆయన ఏడుపు సగంలో ఆగిపోయింది.

రాహేలక్క మోటారెక్కి బల్ల మూత ఎత్తింది. కర్రిగాడు మెట్ల మీదికి వచ్చి నిలబడ్డాడు. చల్లగా, తడిగా, నిగనిగలాడుతూ. ఒళ్ళు విదిలించాడు. నీళ్ళన్నీ కింద నిలబడ్డ మా ఆయన మొహాన పడ్డాయి. జనం గొల్లుమన్నారు. ఏబేలు నెత్తి మీద చేతులు పెట్టుకుని, "ఓరి నా తండ్రీ! నా బండిలోనే!" అని గంతులేశాడు. "పాటలు పాడుకుంటా చల్లినాడయ్యా! చట్రాలు పగుల్తాయని రెండు కుండలు అడిగి మరీ పోసినాడు!"

"తాడు కట్టొద్దు. ఎవరూ ఈలెయ్యొద్దు," అన్నాడు ఆదెయ్య. "దొడ్డి కంప తియ్యండి. ముందు అంకయ్య కుక్కను వదలండి."

అంకయ్య కుక్క లోపలికి పోయిందో లేదో గొర్రెలు ఎగిరిపడ్డాయి. ఈ మూలకూ ఆ మూలకూ పడి, కంప మీద కంప కూలింది. కుక్కను లాక్కొచ్చారు. దుమ్ము అణగేదాకా ఆదెయ్య ఆగి, నా వైపు చెయ్యి ఊపాడు.

కర్రిగాడు మెట్లు దిగాడు. పాదం కుంటుతోంది. నేల మీద ముక్కు పెట్టలేదు, పరుగెత్తలేదు. పొలం నుంచి ఇంటికొచ్చే మనిషిలా నింపాదిగా నడిచి దొడ్డిలోకి పోయాడు. గొర్రెలు తలలు తిప్పాయి. ముసలి పొట్టేలు ముందుకొచ్చి వాడి మూతి వాసన చూసింది. తర్వాత పక్కకు జరిగింది, దారి ఇచ్చినట్టు. ఒక్కొక్కటే జరిగాయి. కర్రిగాడు నట్టనడుమకు పోయి, ఒకచోట గుండ్రంగా తిరిగి, పడుకున్నాడు. మంద పోవడానికి కాస్త ముందు పుట్టిన పిల్ల ఒకటి వచ్చి వాడి వీపు మీద గడ్డం ఆనించింది. తల్లి నెమరు వెయ్యడం ఆపలేదు.

ముందుగా చప్పట్లు కొట్టింది ఏబేలు. ఆ తర్వాత ఎవరి కేక ఎవరిదో తెలియలేదు. ఆడవాళ్ళు నన్ను పట్టుకుని ఊపేస్తున్నారు. రాహేలక్క తన దేవుణ్ణి గట్టిగా స్తుతిస్తోంది, పక్కనే ఇంకెవరో మల్లన్నకు జై కొడుతున్నారు.

"మంద పిచ్చయ్యది," అన్నాడు ఆదెయ్య. "పొద్దున్నే బేస్తవారిపేట దారి పట్టించండి. మా ఊరి మనుషులు తోడు పోతారు. లారీలు ఉత్తవే పోనియ్యండి." తర్వాత అంకయ్య వైపు తిరిగాడు. గొంతు మారింది. "ఇప్పుడు నీ సంగతి. ఆత్మకూరు సంతా?"

అంకయ్య మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "పెద్దయ్యా, నేను దొంగతనం చెయ్యలా. ఇంటివాడే తోలిచ్చినాడు. చెవులు కోసిందీ వాడే. లారీ కంట్రాక్టులో పొత్తు కావాలన్నాడు. ఆ ముసలాయనను తొయ్యమని మాత్రం ఎవరూ చెప్పలా, అది వాడి పనే."

"ఎవడు వాడు?"

అంకయ్య నేల చూశాడు. "ఊళ్ళో బతకాల్సినవాణ్ణి. నా నోట చెప్పించొద్దు."

ఆదెయ్య నా వైపు చూశాడు. "నువ్వు చెప్పమ్మా. పోయిన మంద నీ నాయనది. విరిగిన కాలు నీ నాయనది. పెద్దల ముందర పేరు పెట్టి చెప్పాల. వేలు చూపిస్తే చెల్లదు."

మా ఆయన నా పక్కనే నిలబడి ఉన్నాడు. మొహం మీద కర్రిగాడు విదిలించిన నీళ్ళు ఇంకా ఆరలేదు. నా వైపు చూసి, చిన్నగా, చాలా చిన్నగా నవ్వాడు. ఆయన ధైర్యం నాకు అర్థమైంది. మా ఇళ్ళలో ఆడది మొగుడి పేరు పలకదు. పలికితే ఆయుష్షు తగ్గుతుందంటారు. అంతకుముందు ఆ పేరు నేను ఒక్కసారే పలికాను. పెళ్ళినాడు గడపలో పిన్నమ్మ కూతుళ్ళు అడ్డం నిలబడి చెప్తేగాని వదలమంటే, సిగ్గుపడుతూ, నాకే వినబడనంత మెల్లగా పలికాను.

దొడ్డిలో మా మంద నెమరు వేస్తోంది. నడుమ కర్రిగాడు నిద్రపోతున్నాడు.

తల మీది కొంగు సర్దుకుని, దోర్నాల అంతా వినబడేలా పలికాను.

"చెన్నకేశవులు."